మీటకుండా మోగే తీగ

పోయిన సంవత్సరం కాలేజీ డే నాడు ఆడిటోరియంలో కూర్చున్న మిత్రులందరికీ ముందుగా నా క్షమాపణలు. ఆ సాయంత్రం ఎర్ర గిటారు మెడలో వేసుకుని స్టేజీ ఎక్కి, నలభై సెకన్ల పాటు మీ చెవుల్లో కంకర లారీ దించినవాణ్ణి నేనే. వెనక బెంచీల వాళ్లు వేసిన ఈలలు నాకు ఇప్పటికీ గుర్తే. వాటిలో ఒకటి రెండు నా గిటారు కన్నా శ్రుతిలో ఉన్నాయని కూడా ఒప్పుకుంటున్నాను.

ఈ సంచిక సంపాదక వర్గంలోని మిత్రుడొకడు మొన్న క్యాంటీన్లో నన్ను పట్టుకుని, "అది సరే మామా, ఆ రోజు నువ్వు అసలు ఏం చేద్దామనుకున్నావో అదన్నా రాసియ్యి. వినలేకపోయినోళ్లు చదువుతరు" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉందనిపించింది. కనుక ఈ వ్యాసం. గిటారు వాయించేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి కొంత ఉంటుంది. వాయించని వాళ్లకు, ఒక పని ఎందుకు చెడిపోయిందో తెలుసుకోవడంలో ఉండే సంతోషమైనా దక్కుతుంది.

ట్యాపింగ్ అంటే ఏమిటి?

గిటారును అందరూ చూసే ఉంటారు. ఎడమ చేతి వేళ్లు మెట్ల మీద తీగను నొక్కిపడతాయి. కుడి చేయి తీగను మీటుతుంది. స్థానం ఎడమ చేతిది, శబ్దం కుడి చేతిది. మన వీణలో ఉన్న పని విభజన కూడా ఇదే. ట్యాపింగ్‌లో ఈ విభజన చెరిగిపోతుంది. మీటడమనేదే ఉండదు. వేలిని చిన్న సుత్తిలాగా ఎత్తి, తీగను మెట్టుకేసి టక్కున కొడతాం. మెట్టును తాకిన చోటు నుంచి బ్రిడ్జి దాకా ఉన్న తీగ ఆ దెబ్బకే కంపించి పలుకుతుంది. తరువాత ఆ వేలిని నిటారుగా ఎత్తకుండా, కొంచెం పక్కకు గీరి వదిలితే ఆ గీరడమే చిన్న మీటు అవుతుంది. కింది మెట్టు మీద ఇంకో వేలు ముందే నొక్కి ఉంచిన స్వరం అప్పుడు మోగుతుంది. మొదటిదాన్ని హామర్-ఆన్ అనీ, రెండోదాన్ని పుల్-ఆఫ్ అనీ గిటారు వాళ్లు అంటారు. ఎడమ చేతితో చేసే ఈ రెండు పనులూ ఎప్పటి నుంచో ఉన్నవే. కుడి చేతి వేలు కూడా మెట్ల మీదికి వచ్చి అదే పనికి దిగితే దాని పేరు ట్యాపింగ్.

"ఇంత అవస్థ ఎందుకు, హాయిగా మీటుకోక?" అని అడగవచ్చు. లెక్క చూడండి. నా గిటారులో నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా పలికే పొడవు సుమారు 5.6 శాతం తగ్గుతుంది. పన్నెండు మెట్లు దాటేసరికి సరిగ్గా సగమై, అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. ఈ లెక్కన నట్ నుంచి 5వ మెట్టు దాదాపు 162 మిల్లీమీటర్ల దూరంలో, 8వది 240 దగ్గర, 12వది 324 దగ్గర ఉంటాయి. అంటే 5వ మెట్టుకూ 12వ మెట్టుకూ మధ్య పదహారు సెంటీమీటర్ల పైచిలుకు. ఎడమ చేయి ఒక్కటే అంత దూరం చాచుకుని వేగంగా వాయించడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. 12వ మెట్టును కుడి చేతికి అప్పగించి చూడండి, దూరమనే సమస్యే పోతుంది.

అన్నింటికన్నా సన్నగా ఉండే మొదటి తీగ మీద 5వ మెట్టు సెకనుకు 440 కంపనాల స్వరం పలుకుతుంది. 8వ మెట్టు మీద 523, 12వ మెట్టు మీద 659. 5వ మెట్టును షడ్జం అనుకుంటే 8వది సాధారణ గాంధారం, 12వది పంచమం. ఇప్పుడు ఎడమ చూపుడు వేలు 5 మీద నొక్కి ఉంచి, కుడి వేలితో 12 మీద కొట్టాలి. అది పంచమం. ఆ వేలిని గీరి వదిలితే షడ్జం. వెంటనే ఎడమ ఉంగరపు వేలు గానీ చిటికెన వేలు గానీ 8 మీద కొడితే గాంధారం. ప-స-గ, ప-స-గ, ప-స-గ. మృదంగం భాషలో చెప్పాలంటే తకిట తకిట తకిట. ఇందులో ఒక్క మీటు కూడా లేదు. అందుకే స్వరానికీ స్వరానికీ మధ్య సందు కనపడకుండా, నీళ్లు జారినట్టు పోతుంది. అంటే, సరిగ్గా వాయిస్తే.

ఎవరు కనిపెట్టారు?

ఈ ప్రశ్నకు చాలామంది ఠక్కున చెప్పే పేరు ఎడ్డీ వాన్ హేలెన్. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1955లో పుట్టి, 1962లో కుటుంబంతో కాలిఫోర్నియా చేరిన మనిషి. చిన్నప్పుడు నేర్చింది పియానో. 1978లో వచ్చిన వాన్ హేలెన్ మొదటి ఆల్బంలో 'ఎరప్షన్' అని రెండు నిమిషాలైనా లేని గిటారు తునక ఒకటి ఉంది. దాని చివరి భాగం విని ప్రపంచంలోని గిటారు కుర్రాళ్లందరూ తమ కుడి చేతిని అనుమానంగా చూసుకున్నారు. 2020 అక్టోబరులో ఆయన పోయేనాటికి ఈ పద్ధతికి ఆయన పేరు పర్యాయపదమైపోయింది.

కానీ ఆయన మొదటివాడు కాదు. 1971లో జెనెసిస్ బృందంలో స్టీవ్ హాకెట్ ఇది చేశాడు. 1969లో ఎమ్మెట్ చాప్‌మన్ అనే అమెరికన్ రెండు చేతుల వేళ్లనూ మెట్లకు సమాంతరంగా ఎదురెదురు నుంచి వాడే పద్ధతి పట్టుకుని, దానికోసం 1974లో 'స్టిక్' అనే కొత్త వాద్యాన్నే మార్కెట్లోకి తెచ్చాడు. ఇంకా వెనక్కి పోతే 1952లోనే జిమ్మీ వెబ్‌స్టర్ ఈ స్పర్శ పద్ధతి నేర్పే పుస్తకం అచ్చు వేశాడు. టర్కీ దేశపు బగ్లమా వాద్యం మీద వేళ్లతో తట్టి పలికించే 'షెల్పే' అనే సంప్రదాయం ఉంది. 1985లో స్టాన్లీ జోర్డన్ 'మ్యాజిక్ టచ్' అనే రికార్డులో ఒకే గిటారు మీద ఒక చేత్తో పాట, ఇంకో చేత్తో దాని తోడు స్వరాలు వాయించి, ఇద్దరు వాయిస్తున్నారేమోనని భ్రమ పెట్టాడు. ఈయనకూ మొదటి చదువు పియానోయే. పియానోలో రెండు చేతులూ స్వరం పుట్టించేవే కదా. గిటారు ముందు కూర్చున్నప్పుడు కుడి చేతిని ఊరికే మీటడానికి వదిలేయడం వీళ్లకు నచ్చలేదేమోనని నా ఊహ.

మరి 1952 పుస్తకం ఇరవై అయిదేళ్లు ఎందుకు మూలన పడి ఉంది? దీనికి జవాబు ఆంప్లిఫైయర్‌లో ఉంది. వేలిదెబ్బకు తీగలో పుట్టే శబ్దం చాలా చిన్నది. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ చుట్ట ఉంటాయి. దాన్ని పికప్ అంటారు. అది తీగ కదలికను విద్యుత్తుగా మారుస్తుంది, ఆంప్ దాన్ని పెంచుతుంది. రాక్ సంగీతం వాళ్లు దానికి డిస్టార్షన్ కూడా జోడించారు. డిస్టార్షన్ చేసే ముఖ్యమైన పని, పెద్ద శబ్దాన్ని అణిచి చిన్న శబ్దాన్ని లేపి రెంటినీ ఇంచుమించు ఒకే ఎత్తుకు తేవడం. గట్టిగా మీటిన స్వరమూ, మెల్లగా తట్టిన స్వరమూ ఒకే వరుసలో నిలబడతాయి. ట్యాపింగ్‌కు ఆ రోజుతో రొట్టె విరిగి నేతిలో పడింది. ఈ పేరాలోని సంగతి పాఠకులు దయచేసి గుర్తు పెట్టుకోవాలి. నా పరాభవానికి మూలం ఇందులోనే ఉంది.

మన పాలకొల్లు సాక్ష్యం

కరెంటు తీగవాద్యం శాస్త్రీయ సంగీతానికి పనికిరాదనేవాళ్లు ఒకప్పుడు ఉండేవాళ్లు. వాళ్ల నోళ్లు మూయించింది మన తెలుగువాడే. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసులు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని మాండొలిన్ మీద పలికించేవాడు. మామూలు మాండొలిన్‌లో జంట తీగలు నాలుగు వరుసలుంటాయి. నాదం త్వరగా చచ్చిపోతుంది, గమకానికి అందదు. శ్రీనివాస్ జంటలు తీసేసి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకున్నారు. నాదం నిలిచింది, రాగం పలికింది. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో నలభై అయిదేళ్ల వయసులోనే ఆయన వెళ్లిపోయారు.

శ్రీనివాస్ గారు ట్యాపింగ్ వాద్యకారులని నేను అనడం లేదు. నేను ఆయన్నించి తీసుకున్న పాఠం వేరు. కరెంటును ఆయన అరుపు కోసం వాడలేదు, నాదం నిలవడం కోసం వాడారు. ఆ తేడా తెలుసుకోకముందే నేను స్టేజీ ఎక్కాను.

బడంగ్‌పేట్‌లో రాత్రి తొమ్మిది తరువాత

మాది బడంగ్‌పేట్. మా తాతల నాటికి అది పొలాల మధ్య పల్లె. 2019లో మునిసిపల్ కార్పొరేషన్ అయింది. ఇటు బాలాపూర్, అటు నాదర్‌గుల్. మధ్యలో కొత్త కాలనీలు, సగం కట్టిన ఇళ్లు, నీళ్ల ట్యాంకర్లు. సినిమాకైనా, పుస్తకాలకైనా, గిటారు తీగకైనా దిల్‌సుఖ్‌నగర్ బస్సు ఎక్కాల్సిందే. మేముండేది రెండు గదుల అద్దె పోర్షన్. మా నాయిన ఆర్టీసీ డ్రైవరు. ఫస్ట్ బస్ డ్యూటీ పడ్డ వారం తెల్లవారుజామున మూడింటికి లేస్తాడు. రాత్రి తొమ్మిదికల్లా ఇంట్లో లైటు ఆరిపోవాలి.

సెకండ్‌హ్యాండ్ గిటారు, పాత ఆంప్ ఇంటికి తెచ్చిన రోజున నాయిన వాటిని చూసి తిట్టలేదు. ఒక్క మాట అన్నాడు. "వాయించుకో బిడ్డా, వద్దన. కానీ కరెంటు పెట్టకు. నా ఎనక యాభై మంది కూసుంటరు. నాకు నిద్ర తక్వైతే వాళ్ల పానానికి తక్వైనట్టే."

దానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఎలక్ట్రిక్ గిటారుకు ఒక సుగుణముంది. ఆంప్‌కు తగిలించకపోతే అది పక్క గదిలోకి కూడా వినపడదు. పైగా ట్యాపింగ్‌లో మీటడం లేదు గనుక ఇంకా నిశ్శబ్దం. వంటింటి గడప మీద కూర్చుని, తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా రోజూ సాధన చేశాను. ఇంటి ఓనరమ్మ మాత్రం ఓ రోజు, "ఏంది బిడ్డా, రాత్రయితే మీ ఇంట్ల బల్లి పలికినట్టు టక్ టక్ అంటది?" అని అడిగింది. వినాయక చవితి నవరాత్రుల్లో మాత్రం ఆంప్ పెట్టుకున్నా ఎవరూ అడ్డు చెప్పేవాళ్లు కాదు, ఎందుకంటే వీధిలో మైకుల మధ్య అది నాకే వినపడదు.

ఇలా ఆరు నెలలు. వేళ్లు వేగంగా తిరిగాయి. ఎవరు అడిగినా "వచ్చేసింది" అనేవాణ్ణి. కాలేజీ డేకు పేరిచ్చాను. స్టేజీ మీద ఆంప్‌కు తగిలించి, డిస్టార్షన్ పెట్టి, తకిట మొదలుపెట్టాను. తరువాతి కథ మీకు తెలుసు.

ఎందుకు చెడింది?

కొన్నాళ్లు ఆంప్‌ను తిట్టుకున్నాను. హాలును తిట్టుకున్నాను. తరువాత ఆలోచిస్తే కారణాలు రెండని తేలింది.

మొదటిది, మూగ గిటారు అబద్ధం చెబుతుంది. ఆరు తీగల్లో నేను వాయించేది ఒక్కటి. మిగతా అయిదూ ఊరికే ఉంటాయా? నా చేయి కదిలినప్పుడల్లా అవీ సన్నగా కంపిస్తుంటాయి. గీరి వదిలిన వేలు పక్క తీగను తగులుతుంది. కరెంటు లేనప్పుడు ఈ చప్పుళ్లేవీ చెవికి ఆనవు. డిస్టార్షన్ చిన్న శబ్దాన్ని పెద్ద దానితో సమానం చేస్తుందని పైన చెప్పాను కదా. అది నా స్వరాలకే కాదు, నా పొరపాట్లకు కూడా అదే మర్యాద చేసింది. ఆరు నెలలు నేను సాధన చేసిన తకిటతో పాటు, తెలియకుండా సాధన చేసిన రొద కూడా బయటికొచ్చింది.

రెండోది, వినపడడం లేదని నేను గట్టిగా కొట్టడం అలవాటు చేసుకున్నాను. ఎత్తు నుంచి కొట్టే వేలు తిరిగి రావడానికి ఎక్కువసేపు పడుతుంది, లయ కుంటుతుంది. పైగా బలం వేలి నుంచి రాక మణికట్టు నుంచి వచ్చేది. కాలేజీ డేకు పదిహేను రోజుల ముందు నుంచే కుడి మణికట్టులో నొప్పి. చెబితే గిటారు మానమంటారని చెప్పలేదు. ఆ తరువాత గ్లాసు ఎత్తినా నొప్పి పుట్టేసరికి డాక్టరు దగ్గరికి పోక తప్పలేదు. మూడు వారాలు గిటారు ముట్టవద్దన్నారు. పాడగా పాడగా రాగం, మూలగగా మూలగగా రోగం అని సామెత. తప్పుగా పాడితే రాగం రాకపోగా రోగమే ముందు వస్తుందని నేను దానికి చేర్చుకున్న తోక.

ఆ మూడు వారాల్లో ఒక రోజు, వీక్లీ ఆఫ్ నాడు, నాయిన పక్కన కూర్చుని అసలేం జరిగిందని అడిగాడు. మోగకూడని తీగలు మోగాయని చెప్పాను. కాసేపు ఊరుకుని, "కొత్త డ్రైవర్లు గిట్లనే చేస్తరు. బండి ఉరికిచ్చుడు అందరికీ వస్తది. ఆపుడు వస్తేనే లైసెన్సు" అన్నాడు. నా సాధన ఆ రోజు నుంచి తిరగబడింది. ముందు ఆపడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ పద్ధతి చెబుతాను.

సాధన క్రమం

మొట్టమొదట మౌనం. కుడి అరచేతి పక్క అంచును లావు తీగల మీద ఆనించి ఉంచాలి. ఎడమ చూపుడు వేలి కొస వాయించే తీగను నొక్కుతుంటే, అదే వేలి లోపలి వైపు దాని కింద ఉన్న సన్న తీగలను మెత్తగా తాకుతూ ఉండాలి. నొక్కకూడదు, తాకాలి. ఇలా పట్టుకుని అన్ని తీగలనూ ఓసారి గీకి చూడండి. ఒక్క స్వరం తప్ప మిగతావన్నీ టపటపమని మూగగా ఉండాలి. ఇది కుదిరేదాకా ట్యాపింగ్ జోలికి పోవద్దు. నాకు పది రోజులు పట్టింది. నట్ దగ్గర తీగల మీద చిన్న గుడ్డ చుట్టి గానీ, జడకు పెట్టుకునే మెత్తటి రబ్బరు బ్యాండు తొడిగి గానీ వట్టి తీగల రొదను ఆపవచ్చు. పెద్ద పెద్ద విద్వాంసులే ఈ పని చేస్తుంటారు, సిగ్గుపడనక్కరలేదు. మా చెల్లెలి జడ రబ్బరు ఇప్పుడు నా గిటారు మెడకే ఉంటుంది.

రెండోది, ఏ వేలు? పిక్‌ను బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టుకునే అలవాటున్నవాళ్లు మధ్య వేలితో కొట్టడం మేలు. పిక్ ఉన్నచోటే ఉంటుంది. చూపుడు వేలితో కొట్టాలంటే పిక్‌ను మధ్య వేలి మడతలోకి జరుపుకోవాలి. ఏదైనా ఒక్కటే నిర్ణయించుకోండి. గోరు కత్తిరించుకోవాలి. వేలి కొస మెట్టుకు సరిగ్గా వెనక, అంటే నట్ వైపున, దాన్ని ఆనుకున్నట్టు పడాలి. మెట్ల మధ్య ఖాళీలో పడితే ఎక్కువ బలం కావాలి, బుర్రుమని శబ్దం వస్తుంది. వేలు తీగ మీద నుంచి ఒక అంగుళం కన్నా ఎక్కువ లేవకూడదు.

మూడోది, గీరి వదలడం. కొట్టడం ఒక్క రోజులో వస్తుంది. వదలడంలోనే ఉంది అసలు కిటుకు. వేలిని పైకి గీరి వదలవచ్చు, కిందికి గీరి వదలవచ్చు. ఎటు వదిలితే మీ చేతికి పక్క తీగ తగలదో అటు వదలండి. పరీక్ష ఏమిటంటే, కొట్టిన స్వరం, వదిలిన స్వరం, ఎడమ చేతి స్వరం మూడూ ఒకే బరువుతో వినపడాలి. కళ్లు మూసుకుని వింటే ఏది ఏ చేతిదో తెలియకూడదు. డిస్టార్షన్ తీసేసి, ఉత్త శబ్దంతో ఈ పరీక్ష చేయండి. డిస్టార్షన్ సమం చేసి చూపిస్తుంది, ఉత్త శబ్దం ఉన్నదున్నట్టు చెబుతుంది.

నాలుగోది కాలం. సరళీ వరుసలు మూడు కాలాల్లో సాధన చేయించే మన పద్ధతి దీనికి చక్కగా అతుకుతుంది. మెట్రోనోమ్ నిమిషానికి 50 దగ్గర పెట్టండి. మొదటి కాలంలో రెండు దెబ్బలకు ఒక తకిట. అంటే నిమిషానికి 75 స్వరాలు. రెండో కాలంలో దెబ్బకో తకిట, 150 స్వరాలు. మూడో కాలంలో దెబ్బకు రెండు తకిటలు, 300 స్వరాలు. ఆశ్చర్యమేమిటంటే మొదటి కాలమే కష్టం. అంత నెమ్మదిలో ఒక స్వరం చచ్చిపోకముందే రెండోది అందుకోవాలి. మన వదులు ఎంత బలహీనంగా ఉందో బయటపడుతుంది. మూడు కాలాలూ తప్పు లేకుండా వరసగా నాలుగుసార్లు వస్తేనే 50ని 54 చేయాలి. తప్పు వస్తే వెనక్కి. తకిట చేతిలో పడ్డాక తకధిమి, ఆ తరువాత ఖండంలో తకతకిట. నోటితో చెబుతూ వాయిస్తే లయ తప్పదు.

అయిదోది, కసరత్తు నుంచి రాగం వైపు. ఎప్పుడూ 5, 8, 12 మెట్లే అయితే చెవికి విసుగు. మొదటి తీగ మీదే 5వ మెట్టు షడ్జం, 8వది సాధారణ గాంధారం. వీటిని ఎడమ చేతికి వదిలిపెట్టండి. కుడి చేతికి 10, 13, 15, 17 మెట్లు ఇవ్వండి. 10 శుద్ధ మధ్యమం, 13 శుద్ధ ధైవతం, 15 కైశికి నిషాదం, 17 తారస్థాయి షడ్జం. ఇప్పుడు మ-స-గ, ద-స-గ, ని-స-గ, పై స-స-గ అని పైకి వెళ్లి అలాగే దిగి రండి. ఒకే తీగ మీద హిందోళం స్వరాలన్నీ వచ్చేశాయి! నాకు మొదటిసారి ఇది వినపడ్డప్పుడు వంటింట్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

అయితే హిందోళం స్వరాలు వేరు, హిందోళం వేరు. మెట్టు మెట్టుకూ టక్కుమని దూకే ఈ పద్ధతిలో గమకానికి చోటు తక్కువ. వీణలో తీగను మెట్టు మీద పక్కకు లాగి గమకం తీస్తారు. ఇక్కడ చేయగలిగిందల్లా, కుడి వేలు మెట్టు మీద ఆగి ఉన్నప్పుడు ఎడమ చేత్తో అదే తీగను పక్కకు నెట్టడం. స్వరం కొంచెం పైకి సాగుతుంది. అది గమకానికి దూరపు చుట్టం మాత్రమే. ట్యాపింగ్ ఒక అలంకారం. కూర మొత్తం పోపు గింజలతోనే వండలేం.

ఆరోది, ఒళ్లు. రోజుకు రెండు గంటలు ఏకబిగిన చేయకండి. పదిహేను నిమిషాలు వాయించి, అయిదు నిమిషాలు చేతులు వేలాడేసి కూర్చోండి. భుజం పైకి లేచి ఉందేమో చూసుకోండి. వేళ్ల కొసల మంట మామూలే, కొన్ని వారాల్లో తోలు గట్టిపడుతుంది. మణికట్టులోనో మోచేతిలోనో నొప్పి గానీ, వేళ్లలో తిమ్మిరి గానీ వస్తే ఆ రోజుకు ఆపేయాలి. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి. నాలాగా దాచుకోకండి. పరీక్షల్లో రాసే చేయి కూడా అదే.

ఇక నిద్రపోయే ఇంట్లో సాధన చేసేవాళ్లకు ఒక మాట. మూగ గిటారు మీదే ఆధారపడవద్దు. ఇయర్‌ఫోన్ తగిలించుకునే అరచేతంత ఆంప్‌లు ఇప్పుడు దొరుకుతున్నాయి. సెలవుల్లో నలుగురు పిల్లలకు లెక్కలు చెప్పి నేనూ ఒకటి కొనుక్కున్నాను. నాయిన నిద్రకు భంగం లేదు. నా తప్పులు మాత్రం నా చెవిలోనే అరుస్తాయి. కాలేజీ డేకు ముందే ఇది కొనుక్కుని ఉంటే మీ చెవులకూ కొంత మేలు జరిగి ఉండేది.

చివరగా

మొన్న నాయిన వీక్లీ ఆఫ్ నాడు పొద్దున పదింటికి, "ఇయ్యాల కరెంటు పెట్టు, ఇంటా" అన్నాడు. ఆంప్ తగిలించాను. నిమిషానికి 72 దగ్గర రెండో కాలం, ఆ తరువాత మూడో కాలం. చివరి స్వరం కొట్టి, రెండు చేతులతో తీగలన్నీ మూసేశాను. గదిలో ఏ చప్పుడూ మిగల్లేదు. నాయిన ఏమీ అనలేదు. పొద్దుపోయేదాకా రెండుసార్లు వేళ్లతో స్టూలు మీద తకిట తకిట అని తట్టుకోవడం మాత్రం నేను చూశాను. ఓనరమ్మ గోడ అవతలి నుంచి, "బల్లి పోయిందేమో, ఇయ్యాల మంచిగుంది" అంది.

ఈ ఏడాది కాలేజీ డేకు మళ్లీ పేరిచ్చాను. ఈసారి కూడా నలభై సెకన్లే. నిర్వాహకులు నా పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నారని విన్నాను, వాళ్ల తప్పేమీ లేదు. డ్యూటీ కలిసొస్తే నాయిన కూడా వస్తానన్నాడు. వెనక బెంచీల మిత్రులకు ఒక్కటే మనవి. ఈలలు వద్దనను. శ్రుతి చేసుకుని రండి, చాలు.